నలభై ఏడో సీసా

ఆసుపత్రి మూడో అంతస్తులో, ప్రసవాల వార్డుకు సరిగ్గా నెత్తిమీద, డాక్టరు చదువు చదివే పిల్లల మ్యూజియం గది ఉంది. కింద పుట్టేవాళ్ళు పుడుతుంటారు. తల్లుల కేకలు మెట్లెక్కి పైదాకా వస్తుంటాయి. పైన మాత్రం అద్దాల బీరువాల్లో, గాజు సీసాల్లో, పుట్టీ పుట్టనివాళ్ళు వరసగా ఉంటారు. ఇరవయ్యేళ్ళుగా ఆ గదిలో అటెండరుగా ఉన్నామెను అందరూ సీసాలక్క అంటారు. అసలు పేరు జీతం చిట్టాలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. ఆమె కూడా ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే ఒక్క క్షణం వెనక్కి చూసి, ఇంకెవరినో అనుకుని తన పని తాను చూసుకుంటుంది.

ఆ సోమవారం పొద్దున సీసాలక్క స్టూలెక్కి ఉంది. వచ్చే వారం కాలేజీ తనిఖీకి పెద్దవాళ్ళు వస్తున్నారు. పాత చీటీలు గీకేసి కొత్తవి అంటించాలి. ఆవిరై తగ్గిన మందునీళ్ళు నింపాలి. మూత చుట్టూ మైనం కరిగించి గాలి చొరకుండా పూయాలి. ఆ మందు కళ్ళను ఎంత మండిస్తుందంటే, కొత్తగా వచ్చిన పిల్లలు పాఠం వింటూ ఏడుస్తున్నట్టు కనబడతారు. సీసాలక్కకు మాత్రం ఒక ఒడుపు ఉంది. మొహం పక్కకు తిప్పి, ఊపిరి బిగబట్టి, గరాటులో సన్నటి ధార పోసి, సీసా మెడ దగ్గర గీత అందగానే ఆపేస్తుంది. ఒక్క చుక్క కింద పడదు.

"అక్కా, తడిగుడ్డ పెట్టమన్నారు. లోపలికి రానా?"

గుమ్మంలో నీలం కోటు వేసుకున్న మనిషి, చేతిలో బకెట్టు. కాంట్రాక్టు మీద కొత్తగా చేరిన తుడిచే ఆమె. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. సీసాలక్క తలూపింది. తుడవడానికి వచ్చిన ప్రతివాళ్ళకూ వంకలు పెట్టడం ఆమెకు అలవాటు. ఇవాళ కూడా వంక కోసం పైనుంచి చూస్తూనే ఉంది గానీ దొరకలేదు. ఆ మనిషి వెనక్కి వెనక్కి నడుస్తూ, బీరువా కాళ్ళ సందుల్లోకి కూడా గుడ్డ దూర్చి, తన అడుగు తడి మీద పడకుండా తుడుచుకుంటూ వస్తోంది.

మూడో బీరువా దగ్గరకొచ్చాక గుడ్డ చుట్టిన కర్ర ఆగింది.

"ఇవి నిజం పిల్లలేనా అక్కా?"

"రబ్బరు బొమ్మలమ్మా. చదువుకోడానికి చేయిస్తారు" అంది సీసాలక్క. తుడిచేవాళ్ళందరికీ చెప్పే మాటే. నాలుగేళ్ళ క్రితం ఒకామె నిజం తెలిసి బకెట్టు అక్కడే పడేసి పరుగెత్తింది. గదంతా నీళ్ళు. అప్పట్నుంచి ఈ బొమ్మల మాట.

"బొమ్మలకి గోళ్ళు కూడా పెడతారా?"

సీసాలక్క నవ్వబోయి కిందికి చూసింది. ఆ మనిషి వంగి, జారిన జుట్టును చెవి వెనక్కి తోసుకుంటోంది. ఎడమ చెవి పైఅంచు లోపలికి మడిచి ఉంది, పుస్తకంలో గుర్తుకోసం పేజీ కొస మడిచినట్టు.

సీసాలక్క చేతిలో గరాటు పక్కకు ఒరిగింది. మందునీళ్ళు రెండు చుక్కలు స్టూలు మీద పడ్డాయి.

ఆ మడత ఆమెకు బాగా తెలుసు. మూడో బీరువాలో నడిమి అరలో, నలభై ఏడో సీసాలో, నెలలు నిండిన ఆడపిల్లకు ఉంది. రెండు చేతులూ గడ్డం కిందికి చేర్చుకుని, ఏదో వింటున్నట్టు తల ఒక పక్కకు వాల్చి ఉంటుంది ఆ పిల్ల. బొడ్డుతాడును గాజుపలక మీద పరిచి తెల్లదారంతో కట్టారు. తాడు మధ్యలో ముడి. ఎవరో కావాలని వేసినంత చక్కటి ముడి. అందుకే పిల్లలంతా ఆ సీసా దగ్గరే మూగుతారు. ఆ దారం కట్టింది సీసాలక్కే. పదకొండేళ్ళుగా ఆ అద్దం తుడుస్తున్నదీ ఆమే.

"నీ కాన్పులు ఇక్కడేనా అమ్మాయ్?" అంది, స్టూలు దిగుతూ.

"మొదటిది ఇక్కడే. ఊళ్ళోకి నీళ్ళొచ్చాయి చూడు, ఆ వానల్లో. పదకొండేళ్ళయింది. కరెంటు లేదు. టార్చిలైటు వేసి ఒక్కసారి చూపించారు. ఆడపిల్ల. చచ్చి పుట్టింది. ఏదో కాగితం మీద వేలిముద్ర వేయించుకుని, మిగతాది మేం చూసుకుంటాంలే అన్నారు."

బకెట్టుకు చిల్లు పడిందని చెప్పినంత మామూలుగా చెప్పింది.

"తర్వాత?"

"తర్వాతేముంది. చూసుకున్నట్టే ఉన్నారు."

గుడ్డ పిండి, బకెట్టు ఎత్తుకుని వెళ్ళిపోయింది.

*

మధ్యాహ్నం తలుపు గడియ పెట్టి సీసాలక్క రిజిస్టరు తీసింది. చూడకపోయినా తెలుసు. అయినా తీసింది. నలభై ఏడు. ఆడ. నెలలు నిండినది. మృతశిశువు. బొడ్డుతాడులో నిజముడి. చివరి గడిలో: తీసుకెళ్ళేవారు లేరు.

రాత తనదే. అప్పటి పెద్ద మాస్టారు చెబుతుంటే రాసింది. అక్షరాలు గుండ్రంగా, బుద్ధిగా ఉన్నాయి, బడిపిల్ల కాపీ రాసినట్టు.

అది రాయడానికి ఒక గంట ముందు ఎవరో తలుపు తట్టారు. టేబులు మీద సీసా ఉంది. మూత చుట్టూ పూసిన మైనం ఇంకా చల్లారలేదు. సీసాలక్క తలుపు బెత్తెడు తీసింది. నడవాలో చీకటి. గోడ పట్టుకుని, దుప్పటి కప్పుకుని ఒక ఆడమనిషి నిలబడి ఉంది. నిలబడి మూడు రోజులైనట్టు ఊగుతోంది.

"నా బిడ్డ ఇక్కడుందని కింద ఆయా చెప్పింది."

"ఇక్కడెవరూ లేరమ్మా. ఇది చదువుకునే గది. కిందికి పో, కిందికి పో."

తలుపు మూసేసింది. ఎవరూ ఆమెను అలా చెప్పమనలేదు. పెద్దవాళ్ళ వ్యవహారం మనకెందుకని భయం, అంతే. గంట తర్వాత మాస్టారు వచ్చి, ఎవరైనా అడిగారా అంటే, లేదండీ అంది. ఆ ఒక్క మాటతో ఒక తల్లి లేకుండా పోయింది.

సాయంత్రం ఇంటికెళితే, ఆమె భర్త కుట్టుమిషను మీదనుంచి తలెత్తకుండానే రోజూ వేసే హాస్యం వేశాడు.

"ఏమంటున్నారు నీ పిల్లలు? ఒక్కడైనా నోరు తెరిచాడా?"

"నీకంటే బుద్ధిమంతులు" అని ఆమె అనాలి. ముప్పయ్యేళ్ళ కాపురంలో అదొక ముచ్చట. ఇవాళ ఆమె చెప్పులు విప్పుతూ అలాగే ఉండిపోయింది.

"ఇంకెప్పుడూ అలా అనకు" అంది.

ఆయన కళ్ళజోడు మీదనుంచి చూశాడు. చొక్కా కాలరు కొస మడిచి కుట్టు వేయబోతున్నవాడు సూది ఆపాడు. ఆమె ఆ మడతకేసి చూసి, చటుక్కున మొహం తిప్పుకుని వంటగదిలోకి పోయింది.

మర్నాడు పొద్దున తాళం తీసేసరికి నలభై ఏడు గుమ్మం వైపు తిరిగి ఉంది. నిన్న తుడిచినప్పుడు తనే అలా పెట్టి ఉంటుంది. సీసాను మళ్ళీ గోడవైపు తిప్పింది. పది సీసాల చీటీలు అంటించాక చూస్తే సరిగ్గా పెట్టానో లేదో అనుమానం వచ్చింది. కింద ఎవరో తలుపు దబ్బున వేశారు. అరలన్నీ సన్నగా అదిరాయి. అన్ని సీసాల్లోనూ నీళ్ళు కదిలాయి; ఆ పిల్ల జుట్టు మాత్రం పైకి లేచి, ఒక్కొక్క పోగుగా దిగడానికి చాలాసేపు పట్టింది. ఇరవయ్యేళ్ళలో ఎన్నిసార్లు కదల్లేదు అవి! కానీ ఆ రోజు సీసాలక్క గదిలో ఒంటరిగా ఉండలేక నడవాలోకి వచ్చి, గోడకు ఆనుకుని నిలబడింది. పదకొండేళ్ళ కిందట ఆ మనిషి పట్టుకున్న గోడే అది.

*

పెద్ద మేడమ్ చెడ్డమనిషి కాదు. తెల్లారకముందే వచ్చి మూడు ఆపరేషన్లు చేసి, మధ్యాహ్నం దాటాక డబ్బా మూత తీసి, ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో తనిఖీ ఫైలు తిప్పుతోంది.

"మేడమ్, నలభై ఏడో సీసా పిల్ల తల్లి మన దగ్గరే పనిచేస్తోందండీ. కొత్తగా చేరిన తుడిచే ఆమె."

చెయ్యి ఆగింది. "ఎలా చెప్తున్నావ్?"

"చెవి. రోజులు కూడా సరిపోయాయి."

మేడమ్ కళ్ళజోడు తీసి టేబులు మీద పెట్టింది. "ఆవిడ అడిగిందా?"

"లేదండీ."

"మరి? మానిపోయిన గాయం. ఇప్పుడు నువ్వెళ్ళి, ఇదుగో నీ బిడ్డ, సీసాలో ఉందని చూపిస్తావా? తట్టుకుంటుందా మనిషి?" మెల్లగానే అంది. "కాగితం ఉంది, వేలిముద్ర ఉంది. తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదని నువ్వే రాశావు కదా."

సీసాలక్క నోరు తెరిచింది. రాలేదని రాశాను గానీ వచ్చిందండీ, అనాలి. ఇంకో రెండేళ్ళలో రిటైరు కావాలి. రిజిస్టరులో అబద్ధం రాసిందని తేలితే ఆ రెండేళ్ళూ, దాని తర్వాతవీ ఏమవుతాయో ఆమెకు తెలుసు.

"తనిఖీ కానీ. అంత స్పష్టమైన ముడి ఏ కాలేజీలోనూ లేదు. తర్వాత ఆలోచిద్దాం. ఇంకేమన్నా ఉందా?"

"లేదండీ" అంది సీసాలక్క. దాచడం ఇది రెండోసారి.

ఆ రోజూ, మర్నాడూ తుడిచే ఆమె వచ్చింది. ఇక ఏమీ అడగలేదు. గదంతా తుడిచి, మూడో బీరువా ముందు చోటు ఆఖర్న తుడిచేది. నేల ఆరేదాకా అక్కడే నిలబడేది. నేల ఆరడానికి అంతసేపు పట్టదు. సీసాలక్క చీటీలు కత్తిరిస్తూ ఓరకంట చూసేది. ఆ మనిషి సీసా వైపు నేరుగా చూసేది కాదు. అద్దంలో తన నీడను చూసుకుంటున్నట్టు నిలబడేది.

బుధవారం ఇద్దరూ నడవాలో కూర్చుని టీ తాగారు.

"పిల్లలెంతమంది?"

"ఒక్కడే. ఎనిమిదేళ్ళు. వాడు కడుపులో ఉన్నప్పుడు తొమ్మిది నెలలూ గడప దాటలేదు. నీళ్ళ చెంబు కూడా ఎవరో ఒకరు అందించాల్సిందే. మా ఆయన నవ్వేవాడు, మహారాణిని పెళ్ళి చేసుకున్నానని."

"అంత భయమెందుకు?"

తుడిచే ఆమె గ్లాసు అడుగున మిగిలిన టీని తిప్పుతూ కూర్చుంది. సీసాలక్క గొంతు సవరించుకుంది. "ఆ వానలప్పుడు..." అని మొదలుపెట్టింది. మెట్ల మీద పిల్లల గుంపు గోలగా పైకొచ్చింది. సీసాలక్క లేచి, బీరువా తాళాలు వెతుక్కుంటూ లోపలికి పోయింది. తాళాలు చేతిలోనే ఉన్నాయి.

*

గురువారం పొద్దున మేడమ్ పన్నెండుమంది పిల్లల్ని వెంటపెట్టుకుని వచ్చింది. తనిఖీకి తయారీ. సీసాలక్క నలభై ఏడును దించి టేబులు మీద పెట్టి, నీళ్ళు కదలకుండా రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. పాఠం జరిగినంతసేపూ అలా పట్టుకోవడం ఆమె పని.

కళ్ళజోడు పెట్టుకున్న పొడుగాటి కుర్రాడొకడు లేచి గడగడా అప్పజెప్పాడు. మేడమ్ చెయ్యెత్తి ఆపింది.

"అదంతా పుస్తకం. తనిఖీ వాళ్ళు ఇప్పుడు వేరేగా అడుగుతున్నారు. తల్లికి చెప్పినట్టు చెప్పు. నేనే తల్లిని. నా బిడ్డ ఎందుకు పోయింది డాక్టర్?"

పిల్లలు కిసుక్కుమన్నారు. కుర్రాడు చెవులు ఎర్రబడి, ఒక పెద్ద మాట అనబోయి మింగేశాడు.

"అమ్మా... కడుపులో బిడ్డ ఈదుతూ ఉంటుంది. చిన్నగా ఉన్నప్పుడు లోపల చోటెక్కువ. అలా తిరుగుతూ తిరుగుతూ బొడ్డుతాడు చుట్టలోంచి దూరిపోతుంది. ముడి పడుతుంది. వదులుగా ఉన్నన్నాళ్ళూ ఏమీ కాదు. నొప్పులొచ్చి బిడ్డ కిందికి దిగేటప్పుడు బిగుసుకుంటుంది. రక్తం అందదు."

"నేనేం తప్పు చేశాను డాక్టర్?" అంది మేడమ్. ఈ ప్రశ్న ఆమె ఎన్ని మంచాల పక్కన విందో, అచ్చం అలాగే అంది. ఎవరూ నవ్వలేదు.

"మీరేమీ చేయలేదమ్మా. అది ఎవరి చేతుల్లోనూ లేదు."

"బస్సెక్కితే పడదా బాబూ, ఆ ముడి?"

అందరూ వెనక్కి తిరిగారు. గుమ్మంలో తుడిచే ఆమె బకెట్టుతో నిలబడి ఉంది.

కుర్రాడు మేడమ్ వైపు చూశాడు, ఇది కూడా పరీక్షలో భాగమేమో అన్నట్టు.

"బస్సా?" అన్నాడు.

"తొమ్మిదో నెలలో. దారంతా గతుకులు. మా అక్కకి ఒంట్లో బాగాలేదంటే, అత్త వద్దన్నా వినకుండా పోయొచ్చాను. నాలుగో రోజుకి నొప్పులొచ్చాయి."

"లేదమ్మా" అన్నాడు కుర్రాడు. ఈసారి తడబడలేదు. "ముడి పడాలంటే బిడ్డకి తిరగడానికి చోటుండాలి. ఇది మూడో నెలలోనో నాలుగో నెలలోనో పడిపోయి ఉంటుంది. తొమ్మిదో నెలకి మెదలడానికే చోటుండదు. బస్సుకీ దీనికీ సంబంధం లేదు."

"నిజంగానేనా?"

"నిజంగానే అమ్మా."

తుడిచే ఆమె బకెట్టు కింద పెట్టింది. నీళ్ళు తొణకలేదు.

"మా అత్త పోయేముందు కూడా అదే మాట అని పోయింది. బస్సెక్కి చంపుకుందని. నేనూ అదే అనుకున్నా." చుట్టూ ఉన్న తెల్లకోట్లను ఒక్కొక్కరినే చూసింది. "ఎన్నేళ్ళనుంచి చెప్తున్నారు ఈ పాఠం? ఎంతమందికి చెప్పుంటారు? అందరికీ తెలుసన్నమాట. నాకే తెలీదు."

వెనక వరసలో ఒక అమ్మాయి తుడిచే ఆమె చెవినీ, సీసానూ మార్చి మార్చి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"క్లాసు అయిపోయింది. వెళ్ళండి" అంది మేడమ్.

పిల్లలు చప్పుడు లేకుండా, బకెట్టు పక్కనుంచి ఒకరి వెనక ఒకరు వెళ్ళారు. ముగ్గురు ఆడవాళ్ళు మిగిలారు. మేడమ్ తుడిచే ఆమె వైపు తిరిగింది.

"అమ్మా, అప్పట్లో... ఎవరూ తీసుకెళ్ళడానికి రాలేదని రిజిస్టర్లో..."

"వచ్చిందండీ" అంది సీసాలక్క. చేతులు ఇంకా సీసా మీదే ఉన్నాయి. లోపలి నీళ్ళు వణకడం ఆమెకే కనబడుతోంది. "కాన్పైన మూడో రోజు ఈ గుమ్మం దాకా వచ్చింది. నేనే కిందికి పొమ్మన్నాను. రిజిస్టర్లో రాసింది అబద్ధం. మొన్న మీరడిగినప్పుడు కూడా చెప్పలేదు."

మేడమ్ కుర్చీ లాక్కుని కూర్చుని, కాగితం తీసి నాలుగు లైన్లు రాసి సంతకం పెట్టింది.

"రేపు మధ్యాహ్నానికి సిద్ధం చెయ్యి."

"తనిఖీ అండీ?"

"ఆ చోటు ఖాళీగానే ఉండనీ." గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "నీ సంగతి తర్వాత మాట్లాడతాను. మాట్లాడక తప్పదు." తుడిచే ఆమె ముందు ఒక్క క్షణం నిలబడింది. చెయ్యి ఆమె భుజం దాకా తీసుకెళ్ళి, ఆనించకుండానే వెనక్కి తీసుకుంది.

*

శుక్రవారం తెల్లారుతూనే సీసాలక్క మైనం గీకింది. మూత పట్టు వదలడానికి వేడినీళ్ళ గుడ్డ చుట్టాల్సి వచ్చింది. గాజుపలక మీద దారాలు ఒక్కొక్కటే కత్తిరించింది. తొట్టిలో కుళాయి సన్నగా తిప్పి, ఆ ధార కింద పిల్లను పడుకోబెట్టింది. మందు ఘాటు నీళ్ళతో కొంచెం కొంచెం పోతోంది. నీళ్ళు మార్చినప్పుడల్లా వాసన చూసి, మళ్ళీ తిప్పింది. అలా మధ్యాహ్నం అయ్యింది.

తుడిచే ఆమె నీలం కోటు లేకుండా వచ్చింది. చేతిలో ఉతికిన తెల్లగుడ్డ.

"నేను కడగనా?"

సీసాలక్క పక్కకు జరిగింది. ఆమె తొట్టి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పిల్లను తాకి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇంత గట్టిగా ఉందేంటక్కా?"

"మందు వల్లనమ్మా."

మళ్ళీ తాకింది. ఈసారి చెయ్యి తియ్యలేదు. వీపు కడిగింది, కాళ్ళు కడిగింది. బిగుసుకున్న వేళ్ళ సందుల్లోకి నీళ్ళు పోయేలా దోసిలితో పోసింది. జుట్టు మీద పోస్తున్నప్పుడు, "ఎంత జుట్టో" అంది, ఎవరితోనూ కాకుండా. బొడ్డుతాడు చేతిలోకి తీసుకుని ముడి మీద బొటనవేలు ఉంచింది.

"ఇది విప్పొచ్చా?"

"బిరుసెక్కింది. విరిగిపోతుంది."

"వద్దులే. అలాగే ఉండనీ."

తెల్లగుడ్డ పరిచి తుడుస్తుంటే సీసాలక్క ఇక ఉండబట్టలేకపోయింది.

"నన్నేమన్నా అనమ్మా. తిట్టు. నిన్న మేడమ్ ముందర కూడా ఒక్క మాట అనలేదు నువ్వు."

"నాకు ముందే తెలుసు" అంది ఆమె, తుడవడం ఆపకుండా. "ఆ రోజు తలుపు సందులో నీ మొహం కనబడలేదు. గొంతు మాత్రం మర్చిపోలేదు. ఇక్కడ పని దొరికాక, మూడో అంతస్తు ఎవరూ వద్దంటుంటే నేనే అడిగి వేయించుకున్నా. మొదటి రోజు రబ్బరు బొమ్మలన్నావు చూడు, అప్పుడే గుర్తుపట్టాను."

సీసాలక్క తొట్టి అంచు పట్టుకుంది. "మరి ఎందుకడగలేదు? నాలుగు రోజులు తిరిగావు కదా నా ముందు. బిడ్డ కావాలని ఎందుకడగలేదు?"

"ఒకసారి అడిగాను కదక్కా."

గుడ్డ అంచులు చేర్చి చుట్టింది. మొహం కప్పలేదు.

ఆసుపత్రి వెనక గేటు దాటితే మునిసిపాలిటీ శ్మశానానికి పది నిమిషాల నడక. ఎండ చురుక్కుమంటోంది. గేటు పక్కన టీ తాగుతున్నవాళ్ళు ఇద్దరు ఆడవాళ్ళనూ, ఆ మూటనూ చూసి గ్లాసులు దించారు. సీసాలక్కను ఎవరూ రమ్మనలేదు. వద్దనీ అనలేదు. నాలుగడుగులు వెనక నడుస్తోంది. సగం దారిలో ముందరి మనిషి ఆగి, ఒంటికాలి మీద నిలబడి చెప్పు దులపబోయింది. కుదరలేదు.

"రాయి దూరింది. కాసేపు ఎత్తుకో."

సీసాలక్క రెండు చేతులూ చాచింది. గాజు ఎత్తడం అలవాటైన చేతులు. ముందు సీసా అడుగు పట్టుకోవాలి, తర్వాత మెడ. పిల్ల చేతుల్లోకి రాగానే ఆ అలవాటు ఎక్కడికో పోయి, ఎడమ అరచెయ్యి దానంతటదే తల కిందికి జరిగింది, మెడ నిలవని పసిబిడ్డను పట్టుకున్నట్టు.

ఆ తల వాలదు. దానికి ఆసరా అక్కర్లేదు. ఆ సంగతి సీసాలక్కకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. అయినా చెయ్యి తియ్యలేదు.

తల్లి చెప్పు వేసుకుని, లేచి, ఆ చేతికేసి చూసింది. పిల్లను వెనక్కి అడగలేదు. ఎండ పడకుండా గుడ్డ కొస మొహం మీదికి కొంచెం లాగి, ముందు నడిచింది.